సోలెడు జొన్నల నుంచి ఆరు కిలోల బియ్యం దాకా

ఒకరోజు ప్రార్థన సమయంలో మా బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. నీళ్లు తాగించి, నీడలో కూర్చోబెట్టి అడిగాం.

"పొద్దున ఏమన్నా తిన్నవా బిడ్డా?"

"తిన్న టీచర్. బువ్వ తిన్న."

"ఏం కూర?"

"తొక్కు."

రాత్రి ఏం తిన్నావంటే అదే జవాబు. బువ్వ, పలచటి చారు. ఆ ఇంట్లో బియ్యానికి కొరత లేదు. నెలనెలా రేషన్ వస్తుంది. ఆ పిల్ల ఏ పూటా పస్తు ఉండలేదు. అయినా ఒంట్లో రక్తం లేదు. కనురెప్ప కింద చూస్తే తెల్లగా ఉంది.

కడుపు నిండా తిన్న పిల్ల కళ్లు తిరిగి ఎందుకు పడింది? ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో అది 70 శాతం. ఒక అమ్మ తెలివితక్కువతనం వల్లనో, ఒక ఇంటి సోమరితనం వల్లనో ఇంత జరగదు. దీని వెనుక వందేళ్ల చరిత్ర ఉంది. మన తాతల నాటి కంచంలో ఏముంది, అందులోంచి ఏవి ఎప్పుడు ఎందుకు పోయాయి, ధరలు పెరిగినప్పుడల్లా మన ఇంట్లో ముందుగా ఆగిపోయేది ఏమిటి అన్నది తెలుసుకుంటే, ఉన్న కొద్ది డబ్బుతో ఏం చేయాలో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసం.

ధాన్యం మోసిన వాళ్లం

బాన్సువాడ చుట్టుపక్కల గిరిజనుల్లో ఎక్కువ మంది లంబాడాలు. మన ఊళ్లను తండాలంటాం. తండా అంటే మొదట్లో ఊరు కాదు. ఎద్దుల మీద సరుకు వేసుకొని నడిచే బిడారు పేరు అది. ఆ వ్యాపారాన్ని మన పెద్దలు లదేణి అనేవారు.

1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఉత్తర హిందుస్థానంలో వెళుతుండగా ఒక తండా ఎదురైంది. అందులో 14,000 ఎద్దులు ఉన్నాయని, అన్నిటి మీదా ధాన్యమే ఉందని రాసుకున్నాడు. అదే శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఇంకో సంగతి రాశాడు. ఈ బిడారుల వాళ్లలో నాలుగు తెగలు ఉండేవట. ఒక తెగ ధాన్యం మాత్రమే, రెండోది బియ్యం, మూడోది పప్పులు, నాలుగోది ఉప్పు మోసేవారట. ఆయన చెప్పినంత కచ్చితంగా ఈ విభజన ఉండేదో లేదో గాని, దక్కనులో సైన్యాలకూ పట్నాలకూ కరువు ప్రాంతాలకూ తిండి చేరవేసింది మన తాతముత్తాతలే అన్నది చరిత్ర ఒప్పుకున్న మాట. ధాన్యం, బియ్యం, పప్పు, ఉప్పు. ఈ నాలుగింటిలో పప్పు అనే మాటను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

రైలు వచ్చాక ఎద్దు ఓడిపోయింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ కు రైలు నడిచింది. 1900 నాటికి కామారెడ్డి, నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వైపు పట్టాలు పడ్డాయి. వేల ఎద్దులు నెలల తరబడి మోసే సరుకును రైలు రోజుల్లో చేర్చింది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం తిరిగే జాతులన్నిటినీ అనుమానంతో చూసింది. లదేణి ఆగిపోయింది. అడవి అంచున, గుట్ట వారన, గడ్డి దొరికే చోట తండాలు నిలిచిపోయాయి. పశువుల మేపు, వాన మీద ఆధారపడే చెలక సేద్యం, కూలి మన బతుకులయ్యాయి. తిండి మోసిన వాళ్లం తిండి పండించుకునే వాళ్లమయ్యాం. తిండి కొనుక్కునే వాళ్లం కావడానికి ఇంకా కొంత కాలం పట్టింది.

కూలి గింజలు

మన దాదిలు, నానమ్మలు చెప్పే కాలంలో కూలి అంటే పైసలు కాదు, గింజలు. పొద్దంతా కోత కోస్తే సాయంత్రం కొంగులో జొన్నలు పోసేవారు. సోలెడు, తవ్వెడు, మానెడు అని కొలత. ఆ కొలతలో మోసం ఉండేది. దొర ఇంటి మానికకు, మన ఇంటి మానికకు తేడా ఉండేది. వెట్టి ఉండేది. దాన్ని మంచి కాలమని ఎవరూ అనలేరు. కాని ఒక్క విషయం గమనించాలి. అంగట్లో జొన్నల ధర పెరిగినా తగ్గినా కొంగులో పడే సోలెడు సోలెడే. ధర దెబ్బ పొయ్యి దాకా నేరుగా వచ్చేది కాదు. కూలి పైసలుగా మారిన నాటి నుంచి అంగడి ధర మన కుండలోకి దిగింది.

ఆ గింజలతో ఏం వండేవారు? జొన్న రొట్టె. మన గోర్ బోలీలో బాటి అంటాం. పజ్జొన్న గటక. మక్క గటక. అంబలి. పక్కన పప్పో, ఆకుకూరో, మజ్జిగో, పచ్చిమిరప నూరిన కారమో. వరి బువ్వ పండుగ పూట, లేదా చుట్టం వచ్చినప్పుడు.

జొన్న ఒంటరిగా పండేది కాదు. చెలకలో కొన్ని సాళ్లు జొన్న పోస్తే ఒక సాలు కంది పోసేవారు. మధ్యలో పెసర, బొబ్బర, అనుములు, నువ్వులు, గట్ల మీద గోంగూర వేసేవారు. వాన సరిగా పడకపోతే ఒకటి పోయినా ఇంకోటి చేతికొచ్చేది. ఇది కరువు నుంచి కాపాడుకునే ఉపాయం. తెలిసో తెలియకో అదే ఆరోగ్యానికి కూడా ఉపాయమైంది. ఎందుకంటే చేనులో కలిసి పండినవే కంచంలోకి కలిసి వచ్చేవి. గింజ, పప్పు, నూనె గింజ, ఆకు అన్నీ ఒకే చెలక నుంచి వచ్చేవి. వీటికి తోడు ఎవరూ విత్తకుండానే మొలిచే కూరలు ఉండేవి: తుమ్మి, దొగ్గలి, పొనగంటి, పాయల, గునుగు, చెన్నంగి. కలుపు తీసే ఆడవాళ్లు కలుపును పారేయలేదు, ఒడిలో వేసుకొని ఇంటికి తెచ్చారు.

నిజాంసాగర్ నీళ్లు

మన ప్రాంతం రూపురేఖలు మార్చింది నిజాంసాగర్. మంజీర నది మీద అచ్చంపేట, బంజేపల్లి మధ్య 1923లో కట్టడం మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. ఏడో నిజాం పాలనలో, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో కట్టిన ఈ ప్రాజెక్టు 2,75,000 ఎకరాలకు నీళ్లివ్వాలని తలపెట్టారు. కాలువల వెంట వరి, చెరకు వచ్చాయి. చెరకు కోసం 1937 ప్రాంతంలో బోధన్ లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. కాలువ సేద్యం తెలిసిన రైతులు కోస్తా జిల్లాల నుంచి వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. బాన్సువాడ, వర్ని, కోటగిరి వైపు ఇప్పటికీ వాళ్ల ఊళ్లను క్యాంపులనే పిలుస్తాం.

నీళ్లు రావడం తప్పు కాదు. ఆ నీళ్లతో ఈ ప్రాంతం కరువు నుంచి చాలావరకు బయటపడింది. అయితే కాలువ నీరు పల్లానికి పారుతుంది. మన తండాలు ఎక్కువగా మెరక మీద ఉన్నాయి. కాలువ కింది భూములు మన చేతుల్లో ఉన్నవి తక్కువ. మనవాళ్లు నాట్లకు, కోతలకు కూలికి దిగారు. చెరకు కొట్టడానికి పోయారు. పల్లంలో వరి విలువ పెరిగిన కొద్దీ మెరకలో జొన్న విలువ తగ్గింది. వరి తినేవాడు ఉన్నవాడు, జొన్న తినేవాడు లేనివాడు అనే భావం బలపడింది. బడిలో సద్ది విప్పినప్పుడు రొట్టెను చాటుగా తిన్న పిల్లల్లో ఈ పుస్తకం చదివే పెద్దవాళ్లు కూడా ఉండి ఉంటారు.

1960ల తర్వాత కొత్త వరి వంగడాలు, ఎరువులు, తర్వాత బోర్లు వచ్చాయి. 1965లో భారత ఆహార సంస్థ ఏర్పడింది. ప్రభుత్వం ప్రధానంగా వరిని, గోధుమను మద్దతు ధరకు కొంది. జొన్నకు ధర ప్రకటించినా కొనేవాళ్లు తక్కువ. కొనేవాడు ఉన్న పంటనే రైతు వేస్తాడు. విచిత్రం ఏమిటంటే జొన్న పరిశోధనకు దేశంలోనే కేంద్రం హైదరాబాద్. అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ 1972లో పటాన్ చెరులో మొదలైంది. భారత చిరుధాన్యాల పరిశోధన సంస్థ రాజేంద్రనగర్ లో ఉంది. పరిశోధన మన పక్కనే జరిగింది, పంట మన చెలకల నుంచి పోయింది.

ఇప్పుడు మన చుట్టూ పండేవి చూడండి. మక్కజొన్న పండిస్తాం, అది కోళ్ల దాణాకు పోతుంది. సోయా పండిస్తాం, అది నూనె మిల్లుకు పోతుంది. నిజామాబాద్ వైపు ఎర్రజొన్న పండిస్తారు, అది పశుగ్రాసపు విత్తనంగా ఉత్తరాదికి పోతుంది. పండించేది మనం తినం, తినేది మనం పండించం. మన మక్కలు తిన్న కోడి పెట్టిన గుడ్డును మళ్లీ మనమే కొంటాం.

రెండు రూపాయల బియ్యం

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. మనిషికి 5 కిలోలు, కుటుంబానికి 25 కిలోలకు మించకుండా ఇచ్చారు. ఆ పథకం విలువను తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఆకలి తెలియనివాళ్లు. అంతకుముందు వానాకాలం మధ్యలో, పాత గింజలు అయిపోయి కొత్తవి రాని రోజుల్లో, మన ఇళ్లలో పొయ్యి వెలగని పూటలు ఉండేవి. షావుకారు దగ్గర ఒకటికి ఒకటిన్నర గింజలు అప్పు తెచ్చేవారు. ఆ బాధను బియ్యం పథకం చాలావరకు తప్పించింది.

ఆ తర్వాత ధర పెరిగింది, తగ్గింది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కిలో రూపాయి అయింది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చి, ఆహారం దానం కాదు, హక్కు అని చెప్పింది. తెలంగాణ ఏర్పడ్డాక 2015 జనవరి నుంచి మనిషికి 6 కిలోల చొప్పున, కుటుంబ పరిమితి లేకుండా ఇస్తున్నారు. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ లో సన్నబియ్యం వస్తున్నాయి. ఒకప్పుడు దొర ఇంట్లో పండుగ పూట కనబడిన సన్నన్నం ఇప్పుడు ప్రతి తండాలో ఉడుకుతోంది. ఇది చిన్న మార్పు కాదు.

అయితే ఇక్కడే లెక్క చూడాలి. హైదరాబాద్ లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం మామూలు పని చేసే మనిషికి రోజుకు గింజలు 250 గ్రాములు, పప్పుల వంటివి 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు కావాలి. పాలు, పండ్లు, పల్లీల వంటి గింజలు, కొద్దిగా నూనె వేరే. అయిదుగురున్న ఇంటికి రేషన్ 30 కిలోలు. రోజుకు మనిషికి 200 గ్రాములు పడుతుంది. అంటే గింజల అవసరంలో ఎక్కువ భాగం ఉచితంగా తీరుతోంది. పప్పు సంగతి? 85 గ్రాముల చొప్పున అదే ఇంటికి నెలకు 12 కిలోల పైన కావాలి. మన ఇళ్లలో నెలకు ఎన్ని కిలోల పప్పు కొంటున్నామో ఎవరికి వారే లెక్క చూసుకోవచ్చు. పప్పు తగ్గినచోట బువ్వ పెంచుతాం. రోజుకు 200 గ్రాములు సరిపోక ఇంకా బియ్యం కొంటాం. కడుపు నిండుతుంది, రక్తం పట్టదు.

బియ్యం చెడ్డవి కావు. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. జొన్నలో సుమారు 4 మిల్లీగ్రాములు ఉంటుంది. కాల్షియం రాగిలో సుమారు 350 మిల్లీగ్రాములు, బియ్యంలో దాదాపు 10 మాత్రమే. కందిపప్పులో మాంసకృత్తులు 22 గ్రాముల దాకా ఉంటే బియ్యంలో ఏడెనిమిది. జొన్న కంచం నుంచి వరి కంచానికి మారినప్పుడు పోయిన ఇనుమును, కాల్షియాన్ని పప్పుతో, ఆకుకూరతో, గుడ్డుతో నింపుకోవాల్సింది. చెలకలో కంది, పెసర కూడా పోవడంతో అవి అంగడి సరుకులయ్యాయి. నష్టం రెండింతలైంది.

జొన్న కాలం బంగారు కాలమా?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ మధ్య చిరుధాన్యాల గొప్పతనం అందరూ చెబుతున్నారు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నంలో రాగి బిస్కెట్లు, జొన్న అటుకులు ఖరీదైన పొట్లాల్లో అమ్ముతున్నారు. వింటుంటే మన తాతలు జొన్నలు తిని ఏ రోగమూ లేకుండా బతికారనిపిస్తుంది. అది పూర్తి నిజం కాదు.

1950లు, 60లలో తెలంగాణలోని పేద జొన్న తిండి ప్రాంతాల నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు పెల్లాగ్రా అనే జబ్బుతో రోగులు వచ్చేవారు. ఎండ తగిలే చోట మెడ మీద, చేతుల మీద చర్మం నల్లగా మారి పొలుసులు లేచేది. విరేచనాలు పట్టేవి, మతి తప్పేది. నయాసిన్ అనే బి విటమిన్ లోపం వల్ల ఇది వస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో దీని మీద వ్యాసం ప్రచురించారు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువ ఉండటం ఇందుకు ఒక కారణమని వాదించారు. వాళ్ల రోగులు జొన్న తినేవాళ్లే. మరి జొన్న తిన్న అందరికీ ఆ జబ్బు రాలేదు. జొన్న తప్ప ఇంకేమీ దొరకని నిరుపేదలకు ఎక్కువగా వచ్చింది. పప్పు, పాలు, కూర, మాంసం ఏదో ఒకటి తోడున్న ఇంటికి రాలేదు.

దీని నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటే. తప్పు జొన్నలో లేదు, వరిలోనూ లేదు. ఒకే గింజ మీద బతకాల్సి రావడంలో ఉంది. అప్పటి పేదవాడికి జొన్న ఒక్కటే మిగిలితే పెల్లాగ్రా వచ్చింది. ఇప్పటి పేదవాడికి బువ్వ ఒక్కటే మిగిలితే రక్తహీనత వస్తోంది. మన తాతల తిండిలో మంచిదేదైనా ఉందంటే అది కలిపి తినడం. మనం పోగొట్టుకున్నది కూడా అదే.

ధర పెరిగితే ముందు పోయేది

ధరలు పెరిగినప్పుడు పేద ఇల్లు బువ్వ తగ్గించదు. కూర తగ్గిస్తుంది. 2015 అక్టోబరులో కందిపప్పు కిలో రెండు వందలు దాటింది. దేశంలో వరుసగా వానలు సరిగా లేక పప్పు పంట తగ్గడం దానికి ముఖ్య కారణం. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో పప్పు చారయింది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె రాక ఆగింది, అదే ఏడు ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని కొన్ని వారాలు ఆపేసింది. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాలదే. అందువల్ల ఎక్కడో యుద్ధం జరిగితే బాన్సువాడ అంగట్లో నూనె ప్యాకెట్ ధర మారింది. మన తాతల కాలంలో నూనె నువ్వులదో, కుసుమదో, పల్లీలదో. గానుగ ఊళ్లోనే ఉండేది. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు చాలా ఇళ్లలో మళ్లీ చింతపండు పులుసే దిక్కయింది.

ఇలా తగ్గించేటప్పుడు ఇంట్లో ఎవరి వాటా తగ్గుతుంది? ముందు ఇంటి ఆడవాళ్లది. అందరికీ వడ్డించి, చివర మిగిలిన బువ్వలో తొక్కు కలుపుకొని తినేది యాడి. తర్వాత ఆడపిల్ల. ప్రార్థనలో కళ్లు తిరిగిన పిల్ల దగ్గరికి ధరల పెరుగుదల ఇలా చేరుతుంది. మరోవైపు అదే ఇంట్లో చిన్నపిల్ల ఏడిస్తే పది రూపాయల చిప్స్ పొట్లం కొనిస్తాం. నెలలో అలా కొన్న పొట్లాల డబ్బుతో ఎన్ని గుడ్లు వస్తాయో లెక్క వేయడం గణితం తరగతిలో చేయించదగిన పని.

ముందే వేసిన దారులు

ఈ చిక్కు నుంచి బయటపడే దారి కొత్తగా కనిపెట్టనక్కర లేదు. గిరిజనుల చరిత్రలో, మన పొరుగున దాని ఆనవాళ్లు ఉన్నాయి.

1940లో జోడేఘాట్ లో కొమురం భీం చనిపోయిన తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి హైమన్ డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయన 1943లో ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించాడు. గిరిజన ఉపాధ్యాయులమైన మన వృత్తికి అది ఒక మొదలు. ఆ రోజుల్లోనే సంస్థానంలోని గిరిజన ప్రాంతాల్లో ధాన్యపు బ్యాంకులు కూడా నడిపారు. గింజలు లేని నెలల్లో బ్యాంకు నుంచి తీసుకోవడం, పంట వచ్చాక కొద్దిగా కలిపి తిరిగి పోయడం దాని పద్ధతి. షావుకారు వడ్డీ తప్పేది. బడి, గింజల కొట్టు రెండూ ఒకే కాలంలో వచ్చాయన్న సంగతి ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగినది.

రెండోది మరీ దగ్గరిది. మంజీరకు ఎగువన జహీరాబాద్ ఉంది. మన బాన్సువాడ కూడా జహీరాబాద్ పార్లమెంటు నియోజకవర్గంలోదే. అక్కడ పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి దక్కన్ డెవలప్ మెంట్ సొసైటీ పని చేస్తోంది. రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడే అది మొదలవడం గమనించండి. ఎక్కువగా దళిత పేద మహిళల సంఘాలు అవి. 1990లలో వాళ్లు బీళ్లుగా పడి ఉన్న తమ భూములను సాగులోకి తెచ్చి, పండిన జొన్నలో కొంత ఊళ్లోనే కొట్టులో పోసి, లేని ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. అంటే ఊరే నడుపుకునే జొన్నల రేషన్. ఒక చెలకలో పదీ ఇరవై రకాల పంటలు కలిపి వేయడం, విత్తనాన్ని కొనకుండా బుట్టల్లో దాచుకోవడం, విత్తకుండా మొలిచే కూరలను తిండిగా గుర్తించడం వాళ్ల పని. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. పెద్ద చదువులు లేని ఆడవాళ్లు ఎకరం, రెండెకరాల మెరక భూమితో ఇది చేసి చూపారు. మన తండాల భూములూ అలాంటివే.

ఇప్పుడు మనం చేయగలిగింది

జీతం పెరగదు, కూలి పెరగదు, ధరలు మాత్రం పెరుగుతాయి అనుకుందాం. అయినా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మేము మా బడిలో, మా ఇళ్లలో చేస్తున్నవీ, చేయాలనుకుంటున్నవీ ఇక్కడ రాస్తున్నాం.

మొదటిది, ఉచిత బియ్యాన్ని పొదుపుగా చూడాలి. రేషన్ బియ్యం వల్ల మిగిలిన డబ్బు ఆ నెల పప్పుకు, గుడ్లకు అని ముందే పక్కన పెట్టాలి. కంది కొత్త పంట మార్కెట్ కు వచ్చేది సంక్రాంతి తర్వాత. మహిళా సంఘం సభ్యులు పది ఇళ్ల వాళ్లు కలిసి ఆ సమయంలో రైతు దగ్గరే కందులు కొని, ఎండబెట్టి, విసిరించుకుంటే చిల్లర కొట్టు ధర కంటే తక్కువ పడుతుంది. కంది ధర మండిపోయిన నెలలో పెసర, శనగ, అలసంద, ఉలవ ఏది చౌకైతే అది తినవచ్చు. పప్పు అంటే కంది ఒక్కటే కాదు.

రెండోది, గింజ మార్చాలి. రోజూ కాకపోయినా వారానికి రెండు మూడు పూటలు జొన్న రొట్టెనో, గటకనో, రాగి అంబలినో తినాలి. జొన్నలు కొనాలంటే ఇప్పుడు బియ్యం కంటే ఖరీదే, ఆ మాట నిజం. అందుకే మెరక చెలక ఉన్నవాళ్లు ఇంటి తిండికి సరిపడా అరెకరమైనా జొన్న, కంది, పెసర కలిపి వేసుకోవాలి.

మూడోది, పైసా ఖర్చు లేని కూరలు. తుమ్మి, పొనగంటి, పాయల, మునగాకు ఇంటి చుట్టూ ఉన్నాయి. కలుపు మందు కొట్టిన చేనులోవి మాత్రం తేవద్దు. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడుండాలి. నిమ్మరసమో, ఉసిరికాయో, పచ్చి టమాటానో చాలు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు. టీ కనీసం గంట ఆగి తాగాలి. తీజ్ పండుగకు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించే మన ఆడపిల్లలకు మొలకల సంగతి ఎవరూ నేర్పక్కర లేదు. అలాగే పెసలు, శనగలు మొలకెత్తిస్తే చౌకలో మంచి తిండి.

నాలుగోది, హక్కుగా వచ్చేది వదలకూడదు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం వల్ల ప్రభుత్వ బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం తప్పనిసరి అయింది. తెలంగాణలో 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్ వాడీలో రోజూ ఒక పూట భోజనం, పాలు, గుడ్డు ఇవ్వాలి. పని పోతుందని, దూరమని మనవాళ్లు చాలామంది అంగన్ వాడీకి వెళ్లరు. ఆ భోజనం విలువ ఎంతో యువత ఇంట్లో చెప్పాలి. 2018లో ఎన్నో తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. గుడ్లు సరిగా వస్తున్నాయా, పప్పు చిక్కగా ఉందా, బడిలో కూరగాయల తోట ఉందా అన్నవి మన గ్రామసభలో అడగదగిన ప్రశ్నలే.

అయిదోది, వడ్డన. ఇది డబ్బుతో పని లేనిది. యాడి, అక్క, చెల్లె అందరితోపాటు కూర్చొని తినాలి. పప్పు గిన్నె మధ్యలో ఉండాలి. మగపిల్లలకు ఈ మాట బడిలో చెప్పాల్సింది ఉపాధ్యాయులే.

ఇక ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ చరిత్ర ఏ పాఠ్యపుస్తకంలోనూ ఒక్కచోట దొరకదు. మన పెద్దల దగ్గర ఉంది. పిల్లలను ఇంటికి పంపి, దాదిని, నానమ్మను అడగమని చెప్పండి. మీ చిన్నప్పుడు కూలి దేంతో ఇచ్చేవారు? చెలకలో ఏమేం కలిపి వేసేవారు? విత్తకుండా మొలిచే కూరలు ఎన్నిటి పేర్లు తెలుసు? మేము అడిగించినప్పుడు పిల్లలు నాలుగైదు పేర్లతో వస్తారనుకున్నాం. రెండు పేజీలు రాసుకొచ్చారు. వాటిలో కొన్ని పేర్లు మాకూ తెలియవు. ఆకులు తెచ్చి చూపించమంటే మరునాడు బల్ల నిండింది.

ఆ రోజు కళ్లు తిరిగిన అమ్మాయి కూడా వాళ్ల దాదిని అడిగి పదకొండు కూరల పేర్లు రాసింది. వాటిలో ఎన్ని తిన్నావని అడిగితే రెండే అంది. మిగిలిన తొమ్మిదీ వాళ్ల ఇంటి వెనక చెలకలోనే ఉన్నాయట. వారం తిరిగేసరికి సద్దిలో తొక్కుతోపాటు తుమ్మికూర కూడా తెచ్చుకుంది.